కార్తె లేని మొక్క

నిడమానూరు దాటాక, హైవే పక్కన
నాలుగంతస్తుల ఆడపిల్లల హాస్టల్‌కి నేను వార్డెన్ని.
ఇక్కడ అన్నిటికీ వేళ ఉంది.
నాలుగున్నరకు గంట, ఐదుకు స్టడీ అవర్,
ఆదివారం పరీక్ష, రెండో ఆదివారం అమ్మ.
ఒక్క ఆ జెముడుకే లేదు.

మూడొందల తొమ్మిదో గదిలో
బిందుప్రియ వదిలేసి వెళ్ళింది దాన్ని.
దసరా సెలవులకని వెళ్ళి తిరిగి రాని పిల్ల.
పరుపు, బకెట్, సగం రాసిన రికార్డు పుస్తకం
వాళ్ళ నాన్న వచ్చి మాచర్ల బస్సులో పట్టుకెళ్ళాడు.
"ఈ ముళ్ళదాన్ని ఏం చేసుకుంటాం మేడం" అన్నాడు.
స్టీలు గ్లాసులో, నిమ్మకాయంత,
ట్యూబ్‌లైటు వైపు మెడ సాచి, పాలిపోయి ఉంది.

ఆ పిల్ల ఒకసారి అడిగింది:
"దీన్ని బయట ఎప్పుడు నాటాలి మేడం?"
"ఎంసెట్ అయ్యాక" అన్నాను.
అప్పట్లో నా దగ్గర
అన్ని ప్రశ్నలకూ ఆ ఒక్క జవాబే ఉండేది.

వేసవిలో, హాస్టల్ ఖాళీ అయ్యాక, తప్పు నేనే చేశాను.
రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండ.
ఎడారి మొక్కకు ఎండ పుట్టిల్లే కదా అనుకుని
తిన్నగా డాబా మీదికి తీసుకెళ్ళి పెట్టాను.
మూడో రోజుకి ఒక పక్కంతా తెల్లబడింది,
ఇస్త్రీపెట్టె మరిచిపోయి వదిలిన చోటులా.
ట్యూబ్‌లైటు కింద పెరిగిందది.
ఎడారి సంగతి దానికెవరు చెప్పారు?

వాచ్‌మన్ అప్పలకొండ చూసి నవ్వాడు.
"మృగశిరకి చినుకు, ఆరుద్రకి నారు, ఉలవలకి ఉత్తర.
మా తాత అన్నిటికీ సెప్పాడు గానీ
ముళ్ళకి సెప్పనేదమ్మా."
వంటామె రిబ్కమ్మ మాత్రం
"వానల్లో వెయ్యండి, ఏదైనా బతుకుద్ది" అంది.

వానలొచ్చాయి. పంపు షెడ్డు దగ్గర నల్లమట్టి
నెల రోజులు చెప్పుల్ని పట్టుకుని వదల్లేదు.
ఆ బురదలో వేళ్ళు పెట్టుకుని ఎవరు బతుకుతారు?
ఆగాను.
కార్తీకం మంచు, ధనుర్మాసం మంచు. ఆగాను.
గ్లాసుని మాత్రం కిటికీలో
వారానికో ఊచ చొప్పున ఎండ వైపు జరుపుతూ వచ్చాను.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది.
మర్నాటి నుంచి దాన్ని మెట్ల మీదికి తెచ్చాను.
పొద్దుటి ఎండ పావుగంట. తర్వాత అరగంట.
తర్వాత టిఫిన్ ప్లేట్లు కడిగేదాకా.
పదకొండు కొడితే లోపలికే.
బెజవాడ ఎండకి ఫాల్గుణంలోనే కోపం మొదలు.

గ్లాసులోంచి తీసి, వేళ్ళు దులిపి,
రెండు రోజులు పాత పేపరు మీద పడుకోబెట్టాను.
తెగిన వేరు ముందు ఆరాలి.
పచ్చి గాయాన్ని మట్టిలో పెట్టకూడదు.
కొత్త బ్లాకు కట్టగా మిగిలిన కృష్ణ ఇసుక,
ఇటుక ముక్కలు, గుప్పెడంటే గుప్పెడు నల్లమట్టి.
వెనక గోడకి జానెడు ఎడంగా గుంట.
నాటబోతూ చెయ్యి ఆగింది.
కాలిన మచ్చ ఎటుండాలి?
సిగ్గుపడి ముందు గోడ వైపు తిప్పాను.
మళ్ళీ తీసి దక్షిణానికి తిప్పాను.
ఎండ తెలిసిన వైపు అదొక్కటే.

ఆ పూట బెల్లు మూడు నిమిషాలు ఆలస్యంగా మోగింది.
ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

బొగ్గుతో గోడ మీద రాశాను:
"వారం దాకా నీళ్ళు పొయ్యొద్దు."
నాలుగో నాటికే ఇసుక తడిసి ఉంది.
పక్కన హవాయి చెప్పు గుర్తు, చిన్న పాదానిది.
స్టడీ అవర్‌లో ఎవరో దిగి వచ్చారు.
పై అంతస్తు నుంచి పంపు షెడ్డు దాకా
అరవై ఆరు మెట్లు, రెండు తాళాలు.

ఎవరని అడగలేదు.
నా చెప్పుతో ఆ గుర్తు చెరిపేసి
ఇసుకని వేళ్ళతో కొంచెం కదిపి
ఆరనిచ్చాను.