గుండున్న కర్ర

గొల్లపల్లిలో మా సాల ముందు బండాపి
దాలినాయుడి మనవడు అడిగినాడు:
"తాతా, పనసకర్రతోటి గిటారు సేస్తావా?"
ఒళ్లంతా నలుపే. బనీను మీద పుర్రె,
పుర్రె నోట్లో కత్తి.
ఏటిరా ఈ ఏసం అన్నాను.
"మెటల్" అన్నాడు.
లోహమా అన్నాను.
అదే అన్నాడు.

ముప్పై తొమ్మిదేళ్లు వీణలే సెక్కినాను.
యాళి కోరలు సెక్కినాను గానీ
ఏ యాళీ నోరిప్పి అరిసింది నేదు.
ఈడు ఫోన్లో ఇనిపించినాడు.
రోడ్డు రోలరు కింద రేకులు పడ్డట్టు,
ఆ రేకుల్లోంచి ఒక మడిసి
ఎవుల్నో పేరెట్టి పిలస్తన్నట్టు.
"మన బొబ్బిలి కోట కతే తాతా. పదిహేడొందల యాభై ఏడు.
ఫిరంగులు మొదలవుతాయి కదా,
అక్కడ మా అసిరిగాడు రెండు కాళ్లతోటీ డ్రమ్ములు తొక్కుతాడు."

అసిరిగాడి బాబు తప్పెటగుళ్లు ఆడేవోడు.
రొమ్ము మీద రేకు కట్టుకుని వాయించినోడి కొడుకు
కాళ్లతో వాయిస్తన్నాడంటే
ముందుకెళ్లినట్టా, ఎనక్కెళ్లినట్టా?

వీణకి పనికిరాని దుంగొకటి మూల పడున్నాది.
నడుమ ముడి. పక్కన సీలిక.
ఆళ్ల పాటకి ముడుంటే ఏటిలే అని బాడిసె పట్టినాను.
మూడో రోజు ఉలి అంచు కణేల్మన్నాది.
కర్ర లోపల ఇనుము.
రేగిపండంత.
పాత దెబ్బని అరసెయ్యి కప్పుకున్నట్టు
సుట్టూ కర్ర నల్లబడి మూసుకున్నాది.

గుంటడు సెల్లులో లైటేసి సూసినాడు. సానాసేపు మాట నేదు.
"తుపాకి గుండు" అన్నాడు ఆఖరికి.
ఒరే, ఈ సెట్టుకి నాకంటే వయసుండొచ్చు,
కోటంత వయసు నేదు.
ఎవులో ఆవుని కట్టడానికి కొట్టిన మేకయ్యుంటాది,
ఇరిగి లోపలుండిపోనాది.
ఆడు ఇన్నేదు.
నాను నమ్మనేదు.
అయితే తియ్యనూ నేదు.

రాజాంలో నర్సు సదువుతున్న ఉదయకుమారి
ఆళ్లలో లావు తీగల గిటారు వాయిస్తాది.
ఒక మాపు మా సాలలోనే కూకుని దెబ్బలాడుకున్నారు.
గోడకి గండి పడినకాడికి పాట బాగానే వస్తాది.
సైన్యం లోనకి దూరినాక ఏటి వాయించాలి?
గుంటడు ఇంకా జోరుగా అంటాడు.
అసిరిగాడు పిక్కలు పట్టేస్తన్నాయిరా అంటాడు.
ఆ పిల్ల తీగ బిగించుకుంటూ అన్నాది:
"లోన ఆడోళ్లున్నారు. పిల్లలున్నారు.
కాలినోళ్ల వార్డులో డూటీ సేసినాను నాను.
బాగా కాలినోళ్లు అరవరు.
నీళ్లడుగుతారంతే."

మెట్లకి కరిగించిన మైనం
నా సేతిలో సల్లారిపోనాది.

నెల్లిమర్లలో గోనెల గొడౌను. నూటిరవై మంది కుర్రాళ్లు
తలలు ఇసురుతా, పూనకమొచ్చినట్టు.
కాదులే, పూనకానికి అమ్మోరుంటాది,
ఈళ్ల మీదకి ఎవులొస్తారో నాకు తెల్దు.
సెవుల్లో దూదెట్టుకుని కూకున్నాను.
ఫిరంగులు అయిపోనాయి. గోడ పడ్డాది.
అక్కడ ముగ్గురూ సేతులు తీసేసినారు.
గుంటడు గిటారుని ఆ నల్ల పెట్టె ముందు
కుర్చీకి ఆనించి పక్కకి తప్పుకున్నాడు.

అది దానంతటది మూలగడం మొదలెట్టింది.
ఎవులూ మీటనేదు.
నాను పక్కనెట్టిన కర్ర, దాని ముడి, దాని మేకు,
ఒకటే సురం, సన్నమై, ఇంకా సన్నమై,
తెగకండా.
దూది తీసేసినాను.

మర్నాడు బాకీ ఆరొందలూ తెచ్చిచ్చినాడు.
ఆడెనకాల పాలకొండ నుంచొచ్చినోడొకడు,
మీసం కూడా సరిగ్గా మొలవనోడు:
"నాకూ గుండున్న కర్రే కావాల తాతా."
నవ్వొచ్చింది. పోరా, కొట్లో దొరికేదేటి అది, అన్నాను.

ఆళ్లెల్లిపోనాక
పెరట్లో దుంగల్ని ఒక్కొక్కటీ తట్టి
సెవి ఆనించి ఇంటన్నాను.