చుక్క కూడా బయటికి రాలేదు

నరీన్‌లో అక్టోబరు. గొర్రెలన్నీ కొండ దిగొచ్చేశాయి.
దొలోన్ కనుమ దిగుతుంటే
ఆరో మలుపులో నా నీవాకి బ్రేకు పడింది,
బండి ఆగింది కూడా.
ఆగనిది నా పాదం.
తడి బంకమన్నులోకి దిగినట్టు
నిదానంగా, మర్యాదగా, అడుగుదాకా.

తొక్తొబెక్ నాతో మాట్లాడి రెండేళ్లు.
గుర్రం అమ్మకంలో మాట తేడా.
కనుమ కింద ఇంకో షెడ్డు లేదు.

నాలుగు చక్రాలూ విప్పాడు. పొడి.
గొట్టాల వెంట వేలు పోనిచ్చి వాసన చూశాడు. పొడి.
డబ్బాలో ఆయిలు గీత మీదే ఉంది.
"బయటేం లేదు," అన్నాడు, చక్రంతో.
"మాస్టర్ సిలిండర్లో రబ్బరు పోయింది.
ఆయిలు ముందుకి పోకుండా
పక్కనుంచి వెనక్కి జారుకుంటోంది."

విప్పి అరచేతిలో పెట్టి చూపాడు:
అంచున వెంట్రుకంత గాటు.
దీనికా, లోయ పక్కన నాకు నోరెండిపోయింది!

కొత్తది బిగించాక గాలి తీయాలి,
దూరపు చక్రం నుంచి మొదలుపెట్టి.
అతను కారు కింద, నేను సీట్లో.
"తొక్కు."
తొక్కాను.
"పట్టుకో. ఇప్పుడు దిగుతుంది, దిగనీ.
కాలు మాత్రం తీయకు."
సీసాలో బుడగలు గుటకలేశాయి.
"వదులు."
"తొక్కు."
నలభైసార్లేమో.
రెండేళ్ల బాకీ అంతా ఆ మూడు మాటల్లోనే.
చివరికి పెడల్ రాయిలా నిలబడింది.

డబ్బు లెక్కపెట్టుకునే తీసుకున్నాడు.
గుర్రం ఊసు ఎవరమూ ఎత్తలేదు.
బయల్దేరుతుంటే బోనెట్ మీద
అరచేత్తో రెండుసార్లు తట్టాడు,
మెడ నిమిరినట్టు.