సవరణకు ముందు

బోక్స్‌బర్గ్. శనివారం పొద్దున తొమ్మిది.
రోలర్ల మీదికి మొదటి బండి ఎక్కింది.
పట్టీలు బిగించడం నా పని.
తాడు వేసిన ఆబోతు చుట్టూ తిరిగినట్టు
దూరం దూరంగా తిరుగుతాను.
ముందు పెద్ద ఫ్యాను,
కదలని బండికి ఎదురుగాలి.

మూడూ కంపెనీ నుంచి వచ్చినవి వచ్చినట్టే ఉన్నాయట,
ఒక్క నట్టు మార్చలేదని ఒట్లు.
మూడింటి కాగితాల మీదా మూడొందల గుర్రాలు.
"కాగితం గుర్రానికి దాణా ఖర్చు లేదు" అన్నాడు లాటెగన్,
తెర తుడుస్తూ.

ఇక్కడి నేల సముద్రానికి పదహారు వందల మీటర్ల పైన.
గాలి, నీళ్లెక్కువైన మజ్జిగ.
ఇంజను ఎంత పీల్చినా కడుపు నిండదు.
అందుకే తెర మీద రెండంకెలు:
చక్రాలు చెప్పింది ఒకటి,
ఇదే బండి డర్బన్ ఒడ్డున ఉంటే
ఏం చెప్పేదో అది రెండోది.
దాన్ని సవరణ అంటాం.
అందరూ ఇంటికి పట్టుకెళ్లేది దాన్నే.

ఎర్రది రెండొందల ఎనిమిది.
సవరిస్తే రెండొందల యాభై.

పసుపుది టర్బో. ఎత్తుతో దానికి పేచీ లేదు,
తన గాలి తానే కుక్కుకుంటుంది.
రెండొందల నలభై ఒకటి.
దానికీ సవరణ వెయ్యమన్నాడు కుర్రాడు.
"ఆకలి లేనోడికి మారువడ్డనా?" అన్నాడు లాటెగన్.
వినలేదు. వేయించుకుని,
రెండొందల ఎనభై తొమ్మిదిని ఫోటో తీసుకుని పోయాడు.

వెండిరంగుది పాతికేళ్ల బండి.
మొఖెతి గారిది.
ముప్పై ఒక్క ఏళ్లు బంగారు గనిలో,
మూడు కిలోమీటర్ల లోతున.
పరిహారం డబ్బు చేతికందిన నెలలోనే కొన్నాడు,
ఇంట్లో ఎవర్నీ అడగకుండా.

నాలుగో గేరు.
మేం చెవులు మూసుకున్నాం, ఆయన మూసుకోలేదు.
రేకుల కప్పు వణికింది.
గీత ఎక్కింది, ఒకచోట తడబడింది,
మళ్లీ ఎక్కింది.
నూట తొంభై ఆరు.

లాటెగన్ వేలు సవరణ మీట మీదికి వెళ్లింది.
"ఆగు" అన్నాడాయన.
తర్వాత దగ్గు.
అది ఆగేదాకా మేమూ ఆగాం.

"నన్నూ ఇలాగే ఊదమన్నారు, గొట్టంలో.
ఊదాను. అంకె వచ్చింది.
పక్కన ఇంకోటి రాశారు.
నా వయసుకి, నా ఎత్తుకి, నా జాతికి
ఉండాల్సిందే అంతట.
ఆ లెక్కన పోయింది కొంచెమేనట.
కొంచెమే ఇచ్చారు.
ఇది పీల్చింది ఈ ఊరి గాలి కదా బాబూ,
ఇదే రాసివ్వు."

లాటెగన్ వేలు తీసేశాడు.
ప్రింటరు చాలాసేపు గీకింది.

గోడ మీది పట్టికలో అన్నీ సవరించినవే,
మీది అట్టడుగున పడుతుందండీ అన్నాను.
"అడుగు నాకు అలవాటే" అన్నాడు,
కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుంటూ.

పట్టీలు విప్పాను.
ఎడమవైపు వెనకది బిగుసుకుపోయింది,
సుత్తి కోసం లోపలికి వెళ్లాల్సి వచ్చింది.
తిరిగొచ్చేసరికి
ఆయన బానెట్ ఎత్తి, ఒక చెయ్యి ఇంజను మీద ఉంచి
నిలబడి ఉన్నాడు.
కాలదా అని అడగబోయి
ఊరుకున్నాను.