నాపరాయి

పదకొండో దినం ఎడమ రొమ్ము రాయైంది.
బేతంచెర్లలో రాయి మాకు కొత్త కాదు,
పాలిష్ మిషన్ కాడ నాలుగేండ్లు నీళ్లు పోసినదాన్ని.
అయినా ఇట్లా సలసల కాగే రాయిని
యాడా తాకలేదు.

దిష్టి అనింది అత్త.
ఎండుమిరపకాయలు పొయ్యిలో పడె.
ఘాటు రాలేదు, చూస్తివా అనింది.
గట్టిగా పిసికితే కరుగుతాదని పక్కింటామె,
ఆ పక్క తాపొద్దు, పాలు ఇరిగింటాయని ఇంకొకామె.
రాత్రికి చలిజరం.
దుప్పటి కింద పండ్లు టకటకమనె.

మద్దిలేటి ఏమీ అనలేదు.
తెల్లారేసరికి బండి మీద
ఖాసింబీ నర్సమ్మను ఎక్కించుకొచ్చినాడు.

ఆమె ముందు చేతులు కడుక్కునింది.
"పాలు ఇరగలేదు మ్మే, దారి మూసుకుంది, అంతే.
ఈ పక్క గూడా బిడ్డకియ్యి.
పిసకొద్దు, పిల్లి వీపు నిమిరినట్టు నిమురు.
తాపినాక చల్లటి తడిగుడ్డ వెయ్యి.
జరముంది కదా, ఈ పొద్దే డోన్ ఆస్పత్రికి పా,
మాత్రలు మింగుతానే తాపొచ్చు."
సంచి సర్దుకుంటా అడిగింది:
"రాత్రి ఏం తింటివి?"

బిడ్డ తాగిందా అని
ఊరంతా అడిగినారు, పదకొండు దినాలు.
నాకు జవాబు రాలేదు, ఏడుపొచ్చింది.

మూడోనాటికి మెత్తబడింది.
"గనిలోనూ అంతే,
బలం పెడితే పలక పగుల్తాది" అన్నాడు మద్దిలేటి,
జొన్నరొట్టె మీద ఊరుబిండి పెడతా.

ఒక చేతిలో బిడ్డ. ఒక చేతిలో రొట్టె.
ఇంట్లో ఇంకా ఎవరూ తినలేదు.
అత్త చూస్తా ఉంది.
చూడనీ.