ఒక్కతే ఉండేది

ఉత్సుమి గారు కళ్లజోడు తుడుచుకుని
మూడో ప్రశ్న అడిగారు:
"చివరి రోజుల్లో అమ్మగారితో ఇంకెవరైనా నివసించారా?"

మొదటి రెండూ తేలిగ్గానే తేలాయి.
ఇల్లు ఎప్పుడు కట్టారు? డెబ్బై నాలుగులో.
కొన్న కాగితం ఉందా? లేదు.

లేదంటే వెతకలేదని కాదు.
హొదొగయా మెట్ట మీదికి అరవై రెండు మెట్లెక్కి
తమ్ముడూ నేనూ రెండు ఆదివారాలు
బీరువాలు బోర్లించాం.
బిస్కెట్ల డబ్బాలో దొరికాయి:
గొడుగు పుల్ల మార్పించిన రసీదు,
అన్నం కుక్కర్ గ్యారంటీ కార్డు,
నా పిప్పిపన్ను పీకినందుకు ఎనిమిది వందల యెన్లు.
గోరంతవన్నీ దాచింది అమ్మ.
కొండంతది ఎక్కడ పెట్టిందో.

కాగితం లేనివాళ్లకి చట్టంలో ఒక లెక్కుంది.
అమ్మిన ధరలో నూటికి ఐదు, అదే కొన్న ధర.
మూడు కోట్ల ఎనభై లక్షలు పలికే చోటుని
నాన్న పంతొమ్మిది లక్షలకే కొన్నట్టు.
రేవులో క్రేన్ నడిపి ఇరవై ఏళ్లు కట్టిన వాయిదాలు
ఎవరి కలలోనో కట్టినట్టు.
మిగతాదంతా లాభం.
లాభం మీద పన్ను డెబ్బై మూడు లక్షలు.
"లాభం" అన్నాడు తమ్ముడు పైకే,
పంటి కింద రాయి తగిలినట్టు.

దారి లేకపోలేదన్నారు ఉత్సుమి గారు.
ఎనభై ఒకటికి ముందు కట్టిన ఇల్లయి,
అమ్మ ఒక్కరే ఉన్న ఇల్లయి,
ఆవిడ పోయాక ఎవరూ దీపం వెయ్యని ఇల్లయితే
కూల్చేసి నేల అమ్ముకోండి.
మీ ఇద్దరికీ పన్ను పడదు.

ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు.
కూల్చి చూడు అనే రోజొకటి వస్తుందని
వాళ్లకేం తెలుసు, పాపం.

అందుకే ఆ మూడో ప్రశ్న.

కీయిచి నా వైపు చూడలేదు.
సెందాయ్ నుంచి మూడేళ్లలో ఐదుసార్లు వచ్చాడు,
వచ్చిన ప్రతిసారీ పీతలు తెచ్చాడు.
నేను లోపల్లోపల కూడుకుంటున్నాను.
సోమ, మంగళ, గురు, శని.
వారానికి నాలుగు రాత్రులు.
ఆరువందల పైచిలుకు.
అమ్మ పక్కనే తతామి చాప మీద నా పడక.
రెండింటికి లేచేది.
"ఎవరది?"
"నేనే."
"నేనంటే?"
"చిజురుని."
"అయ్యో, అంత దూరం నుంచి వచ్చావా, పడుకో"
అనేది, చుట్టాన్ని ఆదరించినట్టు.

"మీ చిరునామా ఎక్కడ నమోదైంది?"
కామతాలో. మా ఆయనతో.
"కరెంటు, గ్యాసు?"
అమ్మ పేరు మీదే.
ఆయన పెన్ను మూత తీశారు.
"వచ్చి పడుకోవడం వేరు, నివసించడం వేరు, చిజురు గారూ."
దయగానే అన్నారు. నిజమే కూడా.
నాకు రెండు పళ్ల బ్రష్షులుండేవి,
ఏది ఇంటిదో ఎప్పుడూ ఆలోచించలేదు.

గడిలో రాసిన మాట చిన్నది: ఒంటరిగా.
దాని పక్కన తమ్ముడు ముద్ర వేశాడు.
నేనూ వేశాను.
నాది కొంచెం వంకరగా పడింది,
పరవాలేదన్నారు.

నవంబర్లో కూల్చారు.
లారీ మెట్టెక్కదు కదా,
పలకా పెంకూ అన్నీ మనుషులే దించారు.
టీ ఫ్లాస్కు పట్టుకుని వెళ్లాను, ఎందుకో.
గుంపులో పెద్దాయన పడగ్గది చాప ఎత్తబోయి ఆగాడు.
రంగు వెలిసిన చాప మీద
వెలవని పాటు రెండు, పక్కపక్కన.
"ఇద్దరుండేవారా అమ్మా, ఇక్కడ?"

"లేదండీ. ఒక్కతే ఉండేది."

ఆయన తలూపి చాప పైకి లేపాడు.
చెమ్మ పట్టిన చాప, బాగా బరువు.
ఇంకొకణ్ణి పిలిచాడు.
మెట్ల మలుపు దాకా ఇద్దరూ చెరో కొసా పట్టుకుని మోశారు.