పై కాగితం

మైదా జిగురు నేనే ఉడకబెట్టాను.
కాశీబుగ్గ బ్రాంచి గోడ మీద
పాత నోటీసు పైన కొత్త నోటీసు నేనే అంటించాను,
పొద్దున్న తొమ్మిదింటికి,
మేనేజరుగారి స్కూటీ చప్పుడు వినపడకముందే.

వచ్చే నెల ఒకటో తారీకు నుంచి
ఓవర్‌డ్రాఫ్టు రుసుముల్లో మార్పులు, అని ఉంది.
కింద పట్టీ. పట్టీలో రెండు గళ్లు:
ఇదివరకు, ఇకమీదట.
ఇదివరకు గీత దాటితే ఒకటే దెబ్బ, నూట పద్దెనిమిది.
ఇకమీదట మొదటి అయిదొందలకి ఏమీ లేదట,
ఆపైన రోజుకింత.
ఆదివారం కూడా రోజేనట.

పదకొండేళ్లుగా ఇక్కడ టీలూ చలాన్లూ మోస్తున్నాను.
ఓవర్‌డ్రాఫ్టుని తెలుగులో ఏమంటారో
నాకెవరూ చెప్పలేదు.
అడిగినవాళ్లకి నా మాటే చెబుతుంటాను:
నీళ్లు అడుగంటాక కూడా
నూతిలోకి చేద దిగుతుంది చూడు, అదీ.
పైకొచ్చింది నీళ్లో బురదో
నెలాఖరున తెలుస్తుంది.

మధ్యాహ్నం బమ్మిడి దాలమ్మ వచ్చింది,
పిక్కలు కొట్టే షెడ్డు నుంచి,
బూడిద రాసుకున్న చేతులతో అలాగే.
మిషన్ మీద బొటనవేలు పెడితే ఎర్రలైటు.
కొంగుతో తుడిచి పెడితే ఎర్రలైటు.
ఎడంచేతిదీ అంతే.
జీడి చమురు తినేసిన గీతలు
ఏ అద్దానికి ఆనతాయి?
దాలమ్మని మిషన్ గుర్తుపట్టదు.
ఛార్జీ మాత్రం
ఒక్కసారీ మనిషిని పొరబడలేదు.

ఫారం మీద నేను సాక్షి సంతకం చేస్తే
మూడొందలు ఇచ్చారు.

"గోడ మీద ఏటి రాసినారు బాబూ?"
చదివాను. మళ్లీ చదవమంది.
వేళ్లు మడిచి, విప్పి, మళ్లీ మడిచి,
"అంటే మునుపు కర్రట్టుకుని ఒక్కటేసీవోరు,
ఇప్పుడు రోజూ గిల్లుతారు."
నవ్వింది.
అద్దాల గదిలోంచి మేనేజరు తలెత్తి చూశారు.

బ్యాంకు తరఫున నోరు తెరిచాను:
నాలుగు రోజుల్లో కట్టేస్తే తక్కువే పడతాది అప్పా.
"నాలుగు రోజుల్లో కట్టీదాన్నయితే
మీ కాడికేల వొస్తాను?"

తర్వాత నిదానంగా, ఎవరికో చెబుతున్నట్టు,
"తిత్లీ గాలేసినప్పుడు
షెడ్డు రేకులెగిరిపోయి నెల్లాళ్లు పని నేదు.
మా కొట్టు అప్పలసూరి
ఖాతా పుస్తకం సూరులో ఎట్టేసినాడు.
పెన్సిలు సెవిమీంచి తియ్యనేదు.
షెడ్డు తెరిసినాకే మళ్లీ రాసినాడు.
మీ పెన్సిలు
ఎవుడి సెవి మీద ఉంటాది?"

దానికి చెవి లేదని నేను చెప్పలేదు.
ఏ ఊళ్లోనో చల్లటి గదిలో,
గాలీ వానా తగలని చోట
అది రాత్రిళ్లు కూడా రాస్తుంటుందని చెప్పలేదు.

వెళ్లబోతూ ఆగింది.
తడి ఆరని కాగితం మూల గోటితో లేపింది,
గుండు విరగకుండా పొట్టు తీసే చేతివాటం.
కింద నిరుటిది.
దాని కింద అంతకుముందుది.
రేట్లన్నీ ఒకదానికొకటి అతుక్కుని
అట్టలా గట్టిపడిపోయాయి.

"ఇందల ఏది నిజం?"
"పైదే లెక్క."
"మరి కిందియ్యి?
అయ్యీ మేం కట్టినియ్యే గదా."

బూడిద వేలిముద్ర ఒకటి నోటీసు అంచున మిగిలింది,
గీతలు లేకుండా, గుండ్రంగా.

సాయంత్రం షట్టరు దించుతుంటే
జేబులో ఫోను కూసింది.
మీ ఖాతాలో నిల్వ: మైనస్ ముప్పై ఆరు రూపాయలు.
పాపకి పదో తరగతి గైడ్లు కొన్నాను, నిన్న.
ఫర్వాలేదు, అయిదొందల లోపేనని
గోడ వైపు చూసి ఊపిరి తీసుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది,
ఒకటో తారీకు ఇంకా రాలేదు.

గిన్నెలో జిగురు కాస్త మిగిలింది.
లేచిన మూల అంటించాలి.
ఈ నెలకి
కింది కాగితమే లెక్క.