మద్దిలేటి బీటు

బేతంచెర్ల దాటినాక రాళ్ల గుట్టలు మొదలయితాయి.
నాపరాయి కోసినాక మిగిలిన ముక్కలు,
ఇంటికీ పనికిరాక, గోడకీ పనికిరాక
పట్టాల పక్కన పోసి పోయినారు.
ఆడ్నుంచి బుగ్గానిపల్లె దిక్కు
ఆరు కిలోమీటర్లు
నాది.
ముప్పై ఒక్క ఏడు.

పోయేటప్పుడు కుడి పట్టా, వచ్చేటప్పుడు ఎడమ పట్టా.
భుజాన సుత్తి, చంకలో రెండు జెండాలు.
కీ వదులైతే రెండు దెబ్బలు, మొండిదైతే మూడు.
నేను చేరినప్పుడు మీటరుగేజీ.
తర్వాత పట్టాలు ఒకదానికొకటి దూరం జరిగినాయి,
నా అడుగు మాత్రం అంతే ఉండాది.

బండి వస్తే పక్కకి దిగి నిలబడాల.
మొగాలు చూసేంత సందుండదు.
ఒక మోచెయ్యి,
కడ్డీలకి అతుక్కున్న పిల్లోని ముక్కు,
గాలికి బయటపడిన ఎర్ర దుపట్టా మూరెడు.
కొందరు చెయ్యి ఊపుతారు.
నాకు కాదు, కొండకి.
కొండ తరపున నేను ఊపేవాణ్ణి.

దేశాన్ని నేను చూసిందంతా
వాళ్లు పారేసిన దాంట్లోనే.
నెత్తిన గొడుగులు పెట్టుకున్నట్టుండే అక్షరాల పేపరు
ఒడిశాదంట, టేసన్ మాస్టరు చెప్పినాడు.
గోవా బండి పోయినాక ఒక అట్టపెట్టె,
దాని మీద సముద్రం, రెండు టెంకాయ చెట్లు.
పగలని మట్టి టీ ముంత ఒకటి దొరికితే
సుంకులమ్మ దాంట్లో ఉప్పు పోసుకుంది.
ఒకతూరి పాప చెప్పు, ఎడమ కాలిది, గులాబి రంగు.
కిలోమీటరు రాయి మీద పెట్టినా నాలుగు దినాలు,
వెనక్కొచ్చి అడుగుతారేమో అన్నట్టు.

ఒక చలికాలం తెల్లారుజామున పట్టా విరిగింది.
వేలు పట్టేంత సందు.
ఎర్రజెండా పట్టుకొని పరిగెత్తినా, బండి నిలబడింది,
నిద్రమొగాలతో జనం కంకర మీదికి దిగినారు.
ఒకాయమ్మ, ఏ ఊరో ఏమో, ఆ రాళ్ల గుట్టల్ని చూసి
బలే ఉండాదని వాళ్ల భాషలో అంటాంది,
ఫోటోలు తీస్తాంది.
నేను విరిగిన చోటు చూస్తాండా.
ఆయమ్మ చూసే దిక్కుకి తల తిప్పితే
ముక్కముక్క మీదా ఎండ, నీలంగా.
ఇన్నేండ్లు ఈడ ఇది ఉండాదా?

రిటైరు అయినాక పాసిచ్చినారు.
సుంకులమ్మకి సముద్రం చూడాలని.
డోన్‌లో ఎక్కినాం, కిటికీ పక్కన నేను.
బేతంచెర్ల పోయింది. నా గుండె ఎందుకో సుత్తి మోసినట్టు కొట్టుకుంటాంది.
అదిగో వంక, అదిగో వేపచెట్టు,
అదిగో నేను పాముని తొక్కబోయి ఎగిరి దూకిన చోటు,
అని చెప్పేలోపల ఇంకోటి వచ్చేది,
సుంకులమ్మేమో సద్దిమూట ముడి ఇప్పుకుంటాంది.
కింద కొత్త కీమ్యాను హుసేనప్ప, పచ్చజెండా పట్టుకొని.
కడ్డీల్లోంచి చెయ్యి ఊపినా.
నన్ను గుర్తుపట్టలేదు,
కొండ తరపున ఊపినాడు.

గడియారం చూసుకున్నా.
ఆరు నిమిషాలు.
ముప్పై ఒక్క ఏడు ఆరు నిమిషాల్లో అయిపాయ.

పాణ్యం దాటినాక జొన్నరొట్టె తిన్నాం, చెనిక్కాయ పొడితో.
నంద్యాల్లో అరటిపండ్లు కొన్న్యాం.
నల్లమల వచ్చింది. లోయ మీద వంతెన, కింద చెట్ల తలకాయలు,
బొగద లోపల చీకటి, పిల్లోళ్ల కూతలు,
మళ్లీ వెలుగు.
అందరూ కిటికీలకి అతుక్కుపోయినారు, నేనూ.

చెయ్యి చూసి సుంకులమ్మ అడిగింది,
"ఆ తొక్క ఎంతసేపు పట్టుకుంటావప్పా, పారెయ్యి."

బయట ఎవురూ లేరు. అడవి, కంకర,
పక్కన కాలిదారి, సన్నంగా,
రోజూ ఒకే మనిషి నడిస్తే పడే దారి.

"ఈడ ఎవురిదో బీటు" అన్నా.